పాత మారుతి వ్యానుకు పెట్రోలు ట్యాంకు: అతుకు వేయించాలా, కొత్తది పెట్టాలా?

దాసన్నపేట వ్యాను
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా ఇంట్లో 1994 మోడల్ మారుతి వ్యాను ఉంది. 796 సీసీ, కార్బురేటర్ ఇంజను. నాన్నగారు కొన్న బండి. రామతీర్థం వెళ్లాలన్నా, పైడితల్లి పండుగకు వచ్చే బంధువులను స్టేషను నుంచి ఇంటికి తేవాలన్నా ఇప్పటికీ అదే. ఇంజను శబ్దంలో తేడా లేదు, గేర్లు సాఫీగా పడుతున్నాయి. బాధంతా పెట్రోలు ట్యాంకుతోనే.

కొంతకాలంగా బండి దగ్గర నిలబడితే పెట్రోలు వాసన వస్తోంది. పొద్దున్నే చూస్తే గచ్చు మీద అరచేతి వెడల్పున తడి మచ్చ కనిపిస్తోంది. కొత్త ఫిల్టరు వేసిన కొద్ది రోజులకే అందులో ఎర్రటి పొడి చేరుతోంది. ఎస్.కోట వైపు వెళ్తే దారిలో ఇంజను నీరసించి ఆగిపోతోంది. కాసేపు అలాగే వదిలేస్తే మళ్లీ స్టార్టవుతోంది.

మా మెకానిక్ ఎం-సీల్ పెట్టి నడుపుకోమంటున్నాడు. ఎలాగూ ట్యాంకు దించుతున్నావు కదా, జీపు ట్యాంకు లాంటి పెద్దది పెట్టించుకో అని మా బావమరిది సలహా. పాత బండ్లు ఉన్నవారు ఏం చేశారో చెప్పండి. బండి అమ్మే ఆలోచన మాత్రం లేదు.

బొబ్బిలి వీణ
అన్నయ్యా, మీ బావమరిది చెప్పింది బాగానే ఉంది. ఈ బండి ట్యాంకు సుమారు 35 లీటర్లది. ఒకసారి నింపితే బొబ్బిలి నుంచి భువనేశ్వర్ వెళ్లి వచ్చేలా ఉంటే ఎంత సుఖం! నేనూ ఇదే ఆలోచనలో ఉన్నాను. పెద్ద ట్యాంకు గురించి తెలిసినవారు వివరంగా రాయండి.

నాగావళి గట్టు
పెద్దదా చిన్నదా అన్నది తర్వాత చూద్దాం. ముందు రోగం ఏమిటో తేలాలి. మీరు చెప్పిన వాటిలో నాకు మూడు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. నాలుగు సంగతులు చూసి చెప్పండి.

ట్యాంకు నిండా కొట్టించినప్పుడే వాసన వస్తోందా, సగానికి దిగాక కూడా వస్తోందా? నిండుగా ఉన్నప్పుడే వస్తుంటే లోపం పైభాగంలో ఉంటుంది. పెట్రోలు పోసే గొట్టానికి ట్యాంకుకు మధ్య ఉండే రబ్బరు పైపు, గేజి సెండరు (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో గేజికి చెప్పే భాగం) కింద గాస్కెట్, గాలి గొట్టం. వీటిలో ఏదో ఒకటి పగిలి ఉంటుంది. అన్ని వేళలా వస్తుంటే అడుగున కారుతోందని అర్థం.

దారిలో ఇంజను ఆగినప్పుడు వెంటనే దిగి పెట్రోలు మూత తిప్పండి. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వస్తే ట్యాంకుకు ఊపిరి ఆడడం లేదు. పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల శూన్యం ఏర్పడుతుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. కాసేపు ఆగితే ఎక్కడో సందులోంచి కొంత గాలి చొరబడి బండి మళ్లీ కదులుతుంది. ఇది గమనించక కార్బురేటర్ విప్పించి, పంపు మార్పించి, ప్లగ్గులు మార్పించి డబ్బు పోగొట్టుకున్నవారు మా శ్రీకాకుళంలోనే చాలామంది ఉన్నారు.

ఇక ఎర్రటి పొడి. అది తుప్పే. అది ట్యాంకులోదా, పోసే గొట్టంలోదా అన్నది ట్యాంకు దించితే గాని తెలియదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. గచ్చు మీద మచ్చ పడుతోందంటే బండిని ఇంటి కింద, వంటగది పక్కన, ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర పెట్టకండి. ఈ రోజే బయటికి తీయండి.

దాసన్నపేట వ్యాను
బండిని వీధిలో వేపచెట్టు కింద పెట్టాను. మీరు చెప్పినవన్నీ చూశాను. వాసన అన్ని వేళలా వస్తోంది, నిండుగా ఉంటే మరీ ఎక్కువ. నిన్న ధర్మవరం దాటాక బండి నీరసించగానే ఆపి మూత తిప్పాను. చాలాసేపు గాలి లోపలికి లాక్కున్న శబ్దం వచ్చింది. వెంటనే స్టార్టయింది, ఇంటి దాకా ఎక్కడా ఆగలేదు.

నాగావళి గట్టు
అయితే గాలి గొట్టం మూసుకుపోయింది. అడుగున కారడం కూడా ఉంది. ట్యాంకు దించాల్సిందే.

సాలూరు షెడ్డు
తమ్ముడూ, నేను లారీ ట్యాంకులు చేసేవాణ్ణి. సాలూరు లారీల ఊరు కాబట్టి ఈ పని చూస్తూనే పెరిగాను. దించే ముందు నాలుగు మాటలు విను.

గొయ్యి ఉన్న షెడ్డులో దించొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. గోతిలోకి దిగి అక్కడే నిలుస్తుంది. పైన ఉన్నవాడికి వాసన తెలియదు, కింద బల్బు పగిలితే చాలు. ఆరుబయట, చదును నేల మీద, స్టాండ్ల మీద బండి నిలిపి చేయాలి. ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని బండి కిందకు దూరకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ ముందే విప్పాలి. వెలుతురుకు తీగ బల్బు వద్దు, టార్చి చాలు. పెట్రోలు మొత్తం ఇనుప డబ్బాలోకి తీసి, మూత బిగించి, దూరంగా పెట్టాకే బోల్టుల మీద చెయ్యి వేయాలి. పక్కన మంటలు ఆర్పే పొడి సిలిండరు ఉండాలి.

గొట్టాలు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో రంగు టేపు చుట్టుకో, ఫోనులో ఫోటో తీసుకో. ఇంజనుకు వెళ్లేది, తిరిగి వచ్చేది, గాలిది. తిరిగి బిగించేటప్పుడు వీటిలో రెండు తారుమారైతే బండి రోజంతా సతాయిస్తుంది.

ఎం-సీల్ సంగతి. దారి మధ్యలో చిక్కుకుంటే ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతవరకే. ట్యాంకు రేకు రోజూ అదురుతుంది, ఎండకు సాగుతుంది. ఆ ముద్ద ఊడిపోయేది నువ్వు చూడని వేళే.

కళింగపట్నం రోడ్డు
దించాక ముందుగా ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీల కింద చూడండి. సముద్రం దగ్గర ఊళ్ల బండ్లకు తుప్పు అక్కడే మొదలవుతుంది. పట్టీకి, ట్యాంకుకు మధ్య రబ్బరు బద్ద ఉంటుంది. కొత్తలో అది రేకును కాపాడుతుంది. పాతబడ్డాక ముడుచుకుని, దాని వెనక నీరు, ఇసుక, ఉప్పు నిలిచిపోతాయి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ప్రాంతంలో నీళ్లలో నిలిచిన బండ్లు పైకి శుభ్రంగానే కనిపించాయి. తర్వాతి రెండు మూడేళ్లలో వాటి ట్యాంకులు, బ్రేకు పైపులు వరసగా పోయాయి.

దాసన్నపేట వ్యాను
ట్యాంకు దించాము. అన్నగారు చెప్పినట్టే ఆరుబయట, పొద్దున పూట. కళింగపట్నం వారు చూసినట్టే చెప్పారు. ఎడమ పట్టీ కింద రబ్బరు బద్దను వేలితో లాగితే ముక్కలుగా వచ్చింది. దాని కింద రేకు మీద పట్టీ వెడల్పున నల్లటి చార, చార మధ్యలో పొక్కులు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక పొక్కును తాకాను. గుచ్చలేదు, తాకానంతే. రేకు పెచ్చులా లేచి, లోపలి నుంచి పెట్రోలు చెమ్మ బయటికి ఊరింది. చుట్టూ మరో అయిదారు పొక్కులు ఉన్నాయి.

గాలి గొట్టం చివర ఏదో పురుగు మట్టి గూడు కట్టుకుంది. సన్నని తీగతో పొడిస్తే ఎండిన మట్టి వేలెడు పొడవున బయటపడింది. ట్యాంకు పైభాగం కొంచెం లోపలికి అణిగి ఉంది. లోపలి శూన్యం వల్లేనా?

మిగిలిన రేకు గట్టిగానే ఉన్నట్టుంది. రేడియేటర్లు అతికే దుకాణంలో అడిగితే ఇత్తడితో అతుకు వేస్తానన్నాడు. వేయించనా?

నాగావళి గట్టు
అవును, శూన్యం వల్లే. పాత రేకును బయటి గాలి నొక్కేసింది.

సాలూరు షెడ్డు
తమ్ముడూ, ఆ దుకాణం అతను పనివాడే అయి ఉంటాడు. కానీ ట్యాంకు ఎలా శుభ్రం చేస్తాడో అడిగావా? "పెట్రోలు తీసేసి రెండు రోజులు ఎండలో పెట్టండి చాలు" అంటే ట్యాంకు వెనక్కి తెచ్చెయ్యి.

నిండా పెట్రోలు ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరి మండుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు నుంచి ఏడున్నర వంతుల వరకు ఆవిరి కలిస్తే నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. ఖాళీ ట్యాంకులో ఆ పాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. మడతల్లో, లోపలి అడ్డురేకుల అతుకుల్లో, తుప్పు పొరల కింద పెట్రోలు దాగి ఉంటుంది. ఎండలో వాసన పోయినట్టే ఉంటుంది, మంట తగిలి రేకు వేడెక్కగానే ఆ దాగినదంతా ఒక్కసారి ఆవిరవుతుంది.

సబ్బు నీళ్లతో పలుమార్లు కడగాలి, వేడి ఆవిరి చాలాసేపు పట్టించాలి. ఆ తర్వాత అతికే చోటు తప్ప మిగతా భాగమంతా నీళ్లతో నింపాలి, ఆవిరి బయటికి పోయే దారి తెరిచి ఉంచాలి. లేదా లోపల బొగ్గుపులుసు గ్యాసు నింపి ఉంచి పని చేయాలి. ఇంత చేసేవారు ఉంటే వేయించుకోవచ్చు. డీజిలు ట్యాంకులతో ఏళ్ల తరబడి పని చేసినవాడికి పెట్రోలు ట్యాంకు అలవాటు ఉందనుకోకూడదు, రెండూ వేరు.

నీ ట్యాంకుకు మాత్రం అతుకు వద్దంటాను. ఒక్క చిల్లు అయితే అది వేరు. పొక్కులు వరసగా ఉన్నాయంటే ఆ చార పొడవునా రేకు కాగితం మందానికి వచ్చింది. ఒకచోట వేడి పెడితే పక్కన తెరుచుకుంటుంది.

పలాస మెటాడోర్
నా దగ్గర ఉన్నది డీజిలు మెటాడోర్. జీడిపిక్కల బస్తాలు మోసిన బండి, ఇప్పుడు విశ్రాంతిలో ఉంది. ముందు చక్రాలకు శక్తి అందే వ్యాను, ఆ రోజుల్లో అరుదు. డీజిలు ట్యాంకు గురించి ఒక మాట. బండి ఎక్కువ రోజులు కదలకపోతే అడుగున నీరు చేరుతుంది, ఆ నీటికీ డీజిలుకూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టరు తరచూ మూసుకుపోతే ముందు అడుగు బోల్టు విప్పి నీరు దింపి చూడండి. ట్యాంకు మార్చే అవసరం రాకపోవచ్చు.

పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాలు) కలపడం వచ్చాక పాత బండ్లకు ఇబ్బంది ఎక్కువైందంటున్నారు. నిజమేనా?

చీపురుపల్లి కెమిస్ట్రీ
నేను రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గరా 1998 నాటి వ్యాను ఉంది కాబట్టి ఈ ప్రశ్నను కొంచెం వివరంగా తీసుకుంటాను.

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో అయిదు శాతంతో మొదలైంది. 2022లో పది శాతానికి చేరింది. ఇరవై శాతం పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కు దాదాపు అంతటా వచ్చింది. ఆ మిశ్రమానికి తట్టుకునే పదార్థాలతో బండ్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచి. మన వ్యాన్లు తయారైనప్పుడు పెట్రోలులో ఇథనాల్ అన్నదే లేదు. ఆ రబ్బరు, ఆ పూత, ఆ కార్బురేటర్ లోహం దాన్ని ఊహించి చేసినవి కావు.

ట్యాంకు వరకు చూస్తే మూడు విషయాలు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. ఒట్టి పెట్రోలు నీటిని దాదాపు కలుపుకోదు. పది శాతం మిశ్రమం సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు, ఇరవై శాతం మిశ్రమం అంతకంటే ఎక్కువ. రోజూ తిరిగే బండికి దీనివల్ల లాభమే, చెమ్మ ఎప్పటికప్పుడు ఇంజనులో మండిపోతుంది. నెలల తరబడి నిలిపిన బండి విషయం వేరు. మన తీరంలో గాలిలో చెమ్మ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రాత్రి చల్లబడినప్పుడు గాలి లోపలికి పీలుస్తుంది, పగలు వేడికి బయటికి వదులుతుంది. కొంత కొంతగా నీరు చేరి, హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ అడుగు పొర రేకును తినేస్తుంది. పంపు మొదట లాగేది కూడా దాన్నే.

రెండోది, పాత ట్యాంకుల లోపలి జిగురు పూతను, మడ్డిని ఇథనాల్ కరిగిస్తుంది. ఏళ్లుగా గోడకు అంటుకుని ఉన్నది ఊడి ఫిల్టరుకు చేరుతుంది. దాసన్నపేట వారూ, మీ ఫిల్టరులోని ఎర్రపొడిలో కొంత ఇదే అయి ఉండాలి.

మూడోది రబ్బరు. పాతకాలపు గొట్టాలు ఉబ్బి, మెత్తబడి, ఆ పైన పగుళ్లిస్తాయి. ట్యాంకు కొత్తది వేసి గొట్టాలు పాతవే ఉంచడం నాకు అసలు నచ్చని పని. కొనేటప్పుడు గొట్టం మీది అక్షరాలు చదవండి. "ఎస్‌ఏఈ జె30 ఆర్9" అని ఉన్నది ఇథనాల్‌కు బాగా తట్టుకుంటుంది, దాని లోపలి పొర ఫ్లోరిన్ రబ్బరు. పేరు లేని నల్ల గొట్టం మీటరు లెక్కన చవగ్గా దొరుకుతుంది. దాన్ని పెట్రోలుకు వాడకండి.

ఇథనాల్ వల్ల ట్యాంకులన్నీ కరిగిపోతున్నాయన్న భయం మాత్రం అక్కర్లేదు. మీ ట్యాంకు బయటి నుంచి పోయింది. దానికి కారణం పట్టీ కింద నిలిచిన నీరు.

రాజాం నుంచి
నాది లోపలి తుప్పే, బయట రేకు బాగుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ పోస్తే పోతుందా?

చీపురుపల్లి కెమిస్ట్రీ
వద్దు బాబూ. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తింటుంది, కడిగాక గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. నిమ్మ ఉప్పు వాడండి. వేడి నీళ్లలో లీటరుకు యాభై నుంచి వంద గ్రాములు కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. ముందు సబ్బుతో లోపలి జిడ్డు పోవాలి, లేకపోతే ఆమ్లం తుప్పును తాకదు. పెచ్చులు మందంగా ఉంటే గుప్పెడు నట్లు వేసి అటూ ఇటూ దొర్లించండి, తర్వాత లెక్కపెట్టి బయటికి తీయండి. కడిగాక తినే సోడా నీళ్లు పోసి ఆమ్లం విరగ్గొట్టాలి. ఆ వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, కొద్దిగా పెట్రోలులో ఇంజను ఆయిలు కలిపి లోపలంతా తిప్పితే మళ్లీ తుప్పు పట్టదు.

చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరుతో విద్యుత్తు పెట్టి తీసే పద్ధతి ఇంకా మేలైనది. కానీ అందులో హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఆరుబయటే చేయాలి, లోపలికి దింపే కడ్డీ మామూలు ఇనుముదై ఉండాలి. స్టెయిన్‌లెస్ కడ్డీ పెడితే విషపూరితమైన క్రోమియం లవణాలు తయారవుతాయి.

బొబ్బిలి వీణ
మరి లోపల ఎపాక్సీ పూత పోస్తారు కదా, అది వేస్తే చిల్లులు కూడా మూసుకుంటాయంటారు. పెద్ద ట్యాంకు ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు.

నాగావళి గట్టు
పూత మీద నాకు నమ్మకం తక్కువ. తుప్పు పూర్తిగా తీసి, పొడిగా ఆరబెట్టి వేసినది నిలుస్తుంది. తుప్పు మీదే పోసినది ఇథనాల్ తగిలిన కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది, ఆ పొర వెళ్లి పెట్రోలు లాగే గొట్టం నోటికి అడ్డం పడుతుంది. డబ్బా మీద ఇథనాల్‌కు తట్టుకుంటుందని రాసి ఉంటేనే కొనాలి.

పెద్ద ట్యాంకు గురించి. తమ్ముడూ, లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. పాతిక లీటర్లు పెరిగితే పెరిగే బరువు పంతొమ్మిది కిలోలు, ఆ బరువు పెద్ద విషయం కాదు. చిక్కు చోటుతోనే. ఈ వ్యాను అడుగున కంపెనీ వాళ్లు ట్యాంకుకు కేటాయించిన జాగా లెక్కపెట్టి ఇచ్చినది. దాన్ని దాటితే ఒకవైపు సైలెన్సర్ పైపు దగ్గరవుతుంది, కిందికి పోతే స్పీడు బ్రేకరుకు తగులుతుంది. వెనక సీటు కింద, లోపల పెట్టించినవారినీ చూశాను. మనుషులు కూర్చునే గదిలో పెట్రోలు ట్యాంకు ఉండకూడదు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అప్పుడు బండిని తనిఖీకి చూపాలి. అదే కొలత, అదే ఆకారంలో ట్యాంకు మారిస్తే అది మరమ్మతు. కొత్త జాగాలో పెద్ద ట్యాంకు బిగిస్తే ప్రమాదం జరిగిన రోజున బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

అయినా హైవే మీద మనకు బంకులకు కొదవా? ఇచ్ఛాపురం నుంచి పైడిభీమవరం దాకా ఎక్కడ ఆగినా దొరుకుతుంది.

సాలూరు షెడ్డు
స్టెయిన్‌లెస్ ట్యాంకు చేయించడం కూడా కుదురుతుంది. పాతదాన్ని కొలతకు పెట్టుకుని 304 రకం రేకుతో, ఆర్గాన్ వెల్డింగుతో చేయాలి. తుప్పు బాధ ఉండదు. కానీ అయిదు సంగతులు పట్టించుకునే పనివాడు కావాలి. లోపల అడ్డురేకులు ఉండాలి. లేకపోతే మలుపులో పెట్రోలంతా ఒక పక్కకు పోయి లాగే గొట్టం గాలి పీలుస్తుంది. అడ్డురేకు కింది మూలలు కోసి ఉండాలి, అప్పుడే చివరి పెట్రోలు అటూ ఇటూ పారుతుంది. సెండరు చిల్లు, దాని స్క్రూల వరస పాతదానికి అచ్చుగా సరిపోవాలి. ట్యాంకును పట్టీలతో రబ్బరు మీద కట్టాలి, బాడీకి చెవులు వెల్డు చేసి బిగిస్తే అదురుకు అతుకు చీలుతుంది. అయిదోది, బండి మీద బిగించే ముందే కొద్దిపాటి గాలి పెట్టి సబ్బు నురుగుతో ప్రతి అతుకూ చూడాలి. కొద్దిపాటి అంటే మూడు పౌండ్ల లోపు. టైరుకు కొట్టినట్టు కొడితే ట్యాంకు ఉబ్బి పాడవుతుంది.

జింకు రేకు అంటే గాల్వనైజ్ చేసినది వాడొద్దు. ఇథనాల్‌కు జింకు కరిగి తెల్లటి పొడి దిగుతుంది.

గంటస్తంభం స్పేర్లు
మాది విడిభాగాల దుకాణం, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ వ్యాను 1984లో వచ్చింది, ఆమ్ని పేరు 1988లో పెట్టారు, 2019లో తయారీ ఆపారు. అన్నేళ్లు నడిచిన బండి కాబట్టి అచ్చు ట్యాంకు ఇప్పటికీ దొరుకుతుంది. కంపెనీ సరుకు కాకపోతే బయటి తయారీ. కొనేవారు జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. కార్బురేటర్ బండి ట్యాంకు వేరు, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది) ట్యాంకు వేరు. ఎంపీఎఫ్ఐలో పంపు ట్యాంకు లోపలే కూర్చుంటుంది, దానికి తగ్గ పెద్ద చిల్లు ఉంటుంది. మీ బండికి పంపు ఇంజను పక్కన ఉంటుంది. పేరు ఒకటే కదా అని తెచ్చుకుంటే సెండరు కూర్చోదు. దుకాణానికి వచ్చేటప్పుడు పాత సెండరు చేతిలో తెచ్చుకోండి, అక్కడే పెట్టి చూసుకోండి.

బయటి తయారీ అయితే చిల్లులోంచి టార్చి వేసి లోపల అడ్డురేకు ఉందో లేదో చూడండి. చేత్తో ఊపితే లోపల వెల్డింగు గుండ్లు దొర్లిన శబ్దం రాకూడదు.

దాసన్నపేట వ్యాను
అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదువుకున్నాను. బావమరిదికి నాగావళి గట్టు వారి సమాధానం చూపించాను, ఆ మాట ఇంక ఎత్తలేదు. స్టెయిన్‌లెస్ మీద మనసు పోయింది గాని, మా బండి రోజూ తిరిగేదే కాబట్టి అచ్చు ట్యాంకే చాలనుకున్నాను. విశాఖలో కార్బురేటర్ బండిది దొరికింది, బయటి తయారీ. అడ్డురేకు ఉంది. లోపల పూసిన నూనెను కొద్ది పెట్రోలుతో కడిగి పారబోశాము. బయట ప్రైమరు, దాని మీద నల్ల రంగు రెండు పూతలు వేశాము. గొట్టాలన్నీ ఆర్9. పట్టీలు గీకించి రంగు వేసి, కొత్త రబ్బరు బద్దలకు అడ్డంగా గాడులు కోశాము, నీరు నిలవకుండా. గాలి గొట్టం చివరను పైకి మళ్లించి సన్నని జాలీ కట్టాము. పెట్రోలు పోసే గొట్టం లోపల కూడా తుప్పు ఉంది, అదీ మార్చాము.

ఎస్.కోట వెళ్లి వచ్చాము. ఎక్కడా ఆగలేదు. వాసన లేదు, గచ్చు పొడిగా ఉంది. ఒక్కటే లోటు. పెట్రోలు గేజి ముల్లు ఖాళీ మీది నుంచి లేవడం లేదు. సెండరు పాతదే, దించక ముందు బాగానే పని చేసింది.

కళింగపట్నం రోడ్డు
రంగు వేశామన్నారు కదా. సెండరుకు ఎర్త్ ట్యాంకు రేకు ద్వారా వస్తుంది. కొత్త రబ్బరు, కొత్త రంగు రెండూ కలిసి ట్యాంకును బాడీ నుంచి వేరు చేసేశాయి. సెండరు స్క్రూ కింద రంగు గీకి, అక్కడి నుంచి బాడీకి ఒక తీగ వేయండి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఆ తీగ గేజికే కాదు, పెట్రోలు పోసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలకు పోవడానికీ అవసరం.

దాసన్నపేట వ్యాను
తీగ వేశాము. ముల్లు లేచింది. ధన్యవాదాలు అన్న మాట చిన్నది. పాత ట్యాంకు పెరట్లో ఉంది, పాత ఇనుము వాళ్లు అడుగుతున్నారు. ఇచ్చేయవచ్చా?

సాలూరు షెడ్డు
ఇవ్వు, కానీ అలాగే ఇవ్వకు తమ్ముడూ. పాత ఇనుము దుకాణంలో గ్యాసు కట్టరు పట్టుకునే కుర్రాడికి అది ఏ బండిదో, అందులో ఏముండేదో తెలియదు. సబ్బు నీళ్లతో కడిగి, అంచు దాకా నీళ్లు నింపి, అలా నిండుగా ఉండగానే చేతి పంచుతో నాలుగైదు చోట్ల పెద్ద చిల్లులు పెట్టు. నీళ్లు కారిపోయాక మూతలన్నీ తీసేసి ఉంచు. మీద తెల్ల రంగుతో "పెట్రోలు ట్యాంకు" అని పెద్ద అక్షరాలతో రాయి. ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పు.

దాసన్నపేట వ్యాను
అలాగే చేసి, రెండు వైపులా రాసి ఇచ్చాను. దుకాణం యజమానికి చెప్పాను, కట్టరు పనిచేసే అబ్బాయిని పిలిపించి అతనికీ చెప్పాను. కార్బురేటర్ వ్యానుకు ట్యాంకు వెతుకుతున్నవారు ఎవరైనా ఉంటే సెండరు చిల్లు కొలతలు, గొట్టాల వ్యాసాలు, రబ్బరు బద్దల పొడవు నా దగ్గర రాసి ఉన్నాయి. ఇక్కడే అడగండి, పెడతాను.